సున్నా లీటర్ల ప్రయాణం

ఆ కారు జిల్లా వైద్య శాఖకు పోలీసుల దగ్గర్నుంచి వచ్చింది. పోలీసులకు సముద్రం ఒడ్డున రోడ్డు మీద దొరికింది. దాని సొంతదారు ఒక ఆదివారం పొద్దున్నే మరో కారుతో పందెం వేసి, గెలిచి, గెలిచిన చోటే పట్టుబడ్డాడు. బయటికి అది అందరి కార్ల లాంటిదే. లోపల మాత్రం కంపెనీ ఇచ్చిన టర్బో తీయించి దానికంటే పెద్దది పెట్టించాడు. టర్బో అంటే ఇంజను నుంచి బయటికి పోయే పొగ బలంతో తిరుగుతూ ఇంజనులోకి గాలిని కుక్కే చక్రం. గాలి ఎక్కువ పోతే పెట్రోలూ ఎక్కువ పోవాలి. అందుకని ట్యాంకులో పెద్ద ఫ్యూయల్ పంపు కూడా వేయించాడు.

అదే నెలలో వైద్య శాఖకు వేగంగా కొండ ఎక్కగల వాహనం ఒకటి కావలసివచ్చింది. గుమ్మికోట కొండ మీద ఆరోగ్య కేంద్రం ఉంది. అక్కడ పాముకాటు మందు నిల్వ ఉండేది. ఒక తనిఖీలో గడువు దాటిన సీసాలు ఆరు కనిపించాయి. అప్పటినుంచి మందును కింద జిల్లా గోదాములో ఉంచి, పాము కరిచినప్పుడల్లా పైకి పంపాలని నిర్ణయించారు. దూరం ముప్పై ఎనిమిది కిలోమీటర్లు, అందులో పదిహేడు ఘాట్ రోడ్డు. పందెపు కారు యాభై నిమిషాల్లో వెళ్తుందని అంచనా వేశారు. అంచనా సరైనదే.

అయితే అక్రమంగా మార్చిన వాహనాన్ని ప్రభుత్వం నడపకూడదు. అక్రమ భాగాలు తొలగించాకే అప్పగించాలని ఆదేశం వచ్చింది. జాబితాలో నాలుగు ఉన్నాయి: అద్దాల మీద స్టిక్కర్లు, సైలెన్సరు, ఫ్యూయల్ పంపు, టర్బో. స్టిక్కర్లు గోకేశారు. సైలెన్సరు మార్చారు. పెద్ద పంపు తీసి, కంపెనీ చిన్న పంపు వేశారు. నాలుగోదాని బోల్టులు బిగుసుకుపోయి ఊడిరాలేదు. దాని ఎదురుగా 'తొలగింపు పురోగతిలో ఉన్నది' అని రాశారు. ఇప్పటికీ పురోగతిలోనే ఉంది.

కారుకు డ్రైవరుగా బొడ్డేపల్లి తవిటినాయుడిని వేశారు. శాఖలో ఇరవై రెండేళ్ల సర్వీసు. జూన్ రెండో వారంలో మొదటి పిలుపు వచ్చింది. పసుపు చేలో కలుపు తీస్తున్న మనిషిని కట్లపాము కరిచింది. నాయుడు మందు పెట్టె పక్క సీట్లో పెట్టుకుని బయల్దేరాడు. మైదానంలో కారు బాగానే పోయింది. ఘాట్‌లో మూడో మలుపు దగ్గర గట్టిగా తొక్కగానే, టర్బో అందుకున్న క్షణాన, కారు వెనకనుంచి ఎవరో పట్టి లాగినట్టు ఆగి, కుదుపులు తిని, ఇంజను ఆగిపోయింది. మళ్లీ స్టార్టు చేస్తే స్టార్టయింది. మళ్లీ తొక్కితే మళ్లీ ఆగింది. తొక్కకుండా సెకండ్ గేరులో పాకించుకుంటూ పైకి చేరేసరికి రెండు గంటల పది నిమిషాలు పట్టింది.

గుమ్మికోటలో డాక్టరు పోస్టు ఖాళీ. స్టాఫ్ నర్సు కొర్రా దేవమణి ఒక్కతే ఉంది. మనిషికి ఊపిరి ఆడకపోతే, ముఖానికి రబ్బరు సంచి పెట్టి చేత్తో నొక్కుతూ ఊపిరి అందించింది. నలభై నిమిషాలు నొక్కింది. మందు ఎక్కించాక మనిషి బతికాడు. ఆమె చేతులు ఆ పూట పెన్ను పట్టుకోవడానికి రాలేదు.

"అన్నా, ఇంకో పావుగంట అయితే నా వల్ల అయ్యేది కాదు," అంది.

నాయుడికి ఆ పావుగంట పట్టుకుంది. మర్నాడు కారును బస్టాండు వెనక ఖాదర్ వలీ షెడ్డుకు తీసుకెళ్లాడు. ఖాదర్ వలీ ముప్పై ఏళ్లుగా ఇంజన్ల పని చేస్తున్నాడు. కారు చెప్పేది విన్నాకే మనిషి చెప్పేది వింటాడు. మొదట ఫిల్టరు మార్చాడు. తేడా లేదు. పంపు దగ్గరికి కరెంటు సరిగ్గా వస్తోందో లేదో చూశాడు. పదమూడున్నర వోల్టులు, సరిపోయింది. పైపు ఎక్కడైనా నొక్కుకుపోయిందేమోనని కింద పడుకుని చివరికంటా తడిమాడు. బాగానే ఉంది. అప్పుడు పెట్రోలు పైపుకు ప్రెషర్ మీటరు తగిలించి, మీటరును ముందు అద్దానికి బయటివైపు టేపుతో అంటించి, నాయుడి పక్కన కూర్చుని ఘాట్‌కు పదమన్నాడు.

నిలబడి ఉన్నప్పుడు ముల్లు నలభై మూడు దగ్గర ఉంది. మూడో మలుపులో నాయుడు తొక్కాడు. టర్బో అందుకుంటే ముల్లు యాభై దాటాలి. ఇరవై ఎనిమిదికి పడింది. కారు ఆగింది.

"నాయుడూ, దీనికి రోగం లేదు. ఆకలి," అన్నాడు ఖాదర్ వలీ. "గాలి పెద్దాయన పెడతన్నాడు, పెట్రోలు చిన్నాయన పోత్తన్నాడు. ఇట్టాగే తొక్కావంటే పిస్టన్‌కి బొక్క పడుద్ది."

ఆఫీసుకు ఇవ్వడానికి కాగితం మీద రెండు వాక్యాలు రాసిచ్చాడు. 'ఎక్కుడు దారిలో ఈ ఇంజనుకు కావలసినదానికంటే తక్కువ పెట్రోలు అందుతున్నది. పెద్ద పంపు వేయవలెను.'

ఆ కాగితం సరైన దారిలోనే పైకి వెళ్లింది. పైన అప్పుడు ఇంధన పొదుపు పక్షోత్సవం జరుగుతోంది. ప్రతి శాఖా పదిహేను రోజుల్లో ఒక పొదుపు ఆవిష్కరణను సమర్పించాలి. వైద్య శాఖలో ఇంధన పొదుపు విభాగానికి సంయుక్త సంచాలకురాలు వేదుల కాత్యాయని. పదకొండో రోజుకి విభాగం దగ్గర ఒక ప్రతిజ్ఞ, రెండు బ్యానర్లు ఉన్నాయి. ఆవిష్కరణ లేదు. ఖాదర్ వలీ కాగితం ఆమె బల్ల మీదికి వచ్చింది. మొదటి వాక్యం కింద ఆమె ఎర్ర సిరాతో గీత గీశారు. రెండో వాక్యం పక్కన 'మొదటి వాక్యంతో పొంతన లేదు' అని రాశారు.

ఆమె స్వయంగా తనిఖీకి వచ్చారు. వెంట ముగ్గురు సభ్యుల కమిటీ ఉంది. ఫిర్యాదులో ఉన్న వాహనం తనిఖీ పూర్తయ్యేవరకు ఆవరణ దాటరాదనేది నిబంధన. కాబట్టి తనిఖీ ఆఫీసు ఆవరణలో, వేపచెట్టు నీడలో జరిగింది. నాయుడు ఇంజను స్టార్టు చేశాడు. ముల్లు నలభై మూడు దగ్గర నిలిచింది.

"ఎంత ఉండాలి?" అని కాత్యాయని అడిగారు.

"నలభై మూడండి."

"ఎంత ఉన్నది?"

"నలభై మూడేనండి. ఇప్పుడు నిలబడుంది కదండి. ఘాట్‌ల తొక్కితే ఇరవై ఎనిమిదికి పడిపోతాదండి."

"తొక్కకపోతే?"

"పడదండి."

ఆమె స్టెనో వైపు తిరిగారు. "రాసుకోండి. వాహనంలో లోపము లేదు. వాహనమునకు అందుచున్న ఇంధనము పర్యాప్తము. డ్రైవరు అదనముగా కోరినప్పుడు మాత్రమే కొరత ఏర్పడుచున్నది. కావున కొరతకు మూలము కోరిక."

ఒక్కసారి ఘాట్ దాకా రమ్మని నాయుడు బతిమాలాడు. ఫిర్యాదులో ఉన్న వాహనంలో అధికారి ప్రయాణించరాదని కమిటీ సభ్యుడొకరు గుర్తుచేశారు. సమస్య ఎత్తులో ఉందంటున్నారు కాబట్టి ఎత్తునే ఇక్కడికి తేవచ్చని రెండో సభ్యుడు సూచించారు. కారు ముందు చక్రాల కింద ఇటుకలు పెట్టారు. ఏడంగుళాలు లేచింది. ముల్లు నలభై మూడు దగ్గరే ఉంది. 'ఏడంగుళముల ఎత్తు వరకు వాహనము నిర్దోషి' అని నివేదికలో చేరింది. ఎనిమిదో అంగుళానికి ఇటుకలు లేవు.

నాయుడిని మూడు రోజుల శిక్షణకు పంపారు. పేరు 'కోరిక నిర్వహణ'. యాక్సిలరేటరు అనేది ఆజ్ఞ కాదు, విన్నపం అని శిక్షకుడు చెప్పాడు. విన్నపం వినయంగా ఉండాలి. మూడో రోజు పరీక్ష. ఘాట్ రోడ్డు పైన రోగి ప్రాణాపాయంలో ఉన్నాడు, డ్రైవరు మొట్టమొదట చేయవలసినదేమి అన్నది ప్రశ్న. తొందరగా వెళ్లాలి అని నాయుడు రాశాడు. తప్పు. ఈ ప్రయాణాన్ని మరో ప్రయాణంతో కలపవచ్చునా అని యోచించవలెను అన్నది జవాబు. ఆ మూడు రోజుల్లో గుమ్మికోట నుంచి ఒక పిలుపు వచ్చింది. నల్లత్రాచు. మందు మోసే డ్రైవరు పరీక్ష రాస్తున్నాడు. రోగిని డోలీలో కిందికి తెచ్చారు. కాలు తీసేయవలసివచ్చింది.

నాయుడు శిక్షణ నుంచి వచ్చిన రోజు సాయంత్రమే ఖాదర్ వలీ షెడ్డుకు వెళ్లాడు. విషయం చెప్పాడు. ఖాదర్ వలీ పాత ఇనప బీరువాలోంచి పెద్ద పంపు ఒకటి తీశాడు. ఈ కారు అప్పటికే ఇంధన పొదుపుకు నమూనా వాహనంగా ఎంపికైందనీ, ఎవరూ ముట్టకుండా బానెట్‌కు లక్కతో సీలు వేశారనీ నాయుడు చెప్పాడు.

"పంపు బానెట్ కింద ఉంటదని వాళ్లకెవరు చెప్పారు?" అని ఖాదర్ వలీ వెనక సీటు ఎత్తాడు.

గంటన్నరలో పంపు మార్చి, మీటరును అక్కడే పైపుకు తగిలించాడు. స్టీరింగ్ కింద తీగ గుచ్చి, లాప్‌టాప్ ముందు పెట్టుకుని, ఎంత గాలికి ఎంత పెట్రోలు అన్నది ఘాట్ మీద నాలుగుసార్లు తిప్పి సరిచూశాడు. నాలుగోసారి ముల్లు యాభై ఎనిమిది దాకా వెళ్లి అక్కడే నిలబడింది. మర్నాడే పిలుపు వచ్చింది. నాయుడు నలభై ఎనిమిది నిమిషాల్లో గుమ్మికోటలో ఉన్నాడు. దేవమణి అప్పటికి రబ్బరు సంచి పెట్టెలోంచి కూడా తీయలేదు.

ఆ నెల లాగ్‌బుక్ విభాగానికి వెళ్లింది. ఘాట్‌లో కారు అంతకుముందు కంటే రెండు లీటర్లు ఎక్కువ తాగింది. నమూనా వాహనం దారి తప్పిందని విభాగంలో ఆందోళన రేగింది. కమిటీ వచ్చి సీటు ఎత్తింది. పెద్ద పంపు తీసేశారు, చిన్న పంపు వేశారు, వెనక సీటుకూ సీలు వేశారు. నాయుడికి అదే రోజు రెండు కాగితాలు అందాయి. మొదటిది అనధికార మార్పిడికి సంజాయిషీ నోటీసు. రెండోది అంతకుముందు తక్కువ పెట్రోలుతో నడిపినందుకు ప్రశంసాపత్రం. రెండిటిమీదా సంతకం కాత్యాయనిదే. జిల్లాలోని మిగతా పదకొండు వాహనాలకూ చిన్న పంపులు వేయాలని, ఆ పథకానికి 'నాయుడు నమూనా' అని పేరు పెట్టాలని ఉత్తర్వు వచ్చింది. మిగతా పదకొండు మంది డ్రైవర్లు నాయుడితో మాట్లాడటం మానేశారు.

జూలై చివర్లో మళ్లీ పిలుపు. నాయుడు ఘాట్‌లో సెకండ్ గేరులో పాకుతున్నాడు. ఐదో మలుపులో వెనకనుంచి సర్వీసు జీపు వచ్చింది. గుమ్మికోట సంతకు పోయే జీపు, డ్రైవరు పాంగి సోమన్న. లోపల పద్నాలుగు మంది, పైన పసుపు బస్తాలు. సోమన్న రెండుసార్లు హారన్ కొట్టి, పక్కకొచ్చి, తల బయటపెట్టాడు.

"ఏటి నాయుడుగోరూ, కారు తోసుకెల్తన్నారా?"

"మందు సోమన్నా. పైన పాము కరిసిన మనిసున్నాది."

"అయితే పెట్టె ఇటియ్యండి. మీరు మెల్లగా రండి."

ప్రభుత్వ మందు ప్రైవేటు వాహనంలో వెళ్లకూడదు. నాయుడు రెండు క్షణాలు ఆలోచించి పెట్టె కిటికీలోంచి అందించాడు. లోపలి ముసలమ్మ ఒకామె దాన్ని ఒళ్లో పెట్టుకుంది. పెట్టె కారు కంటే ముప్పై అయిదు నిమిషాలు ముందు చేరింది.

ఆ తర్వాత నాయుడు ఘాట్ మొదట్లోనే కారు ఆపి పెట్టె జీపుకు ఇవ్వసాగాడు. నెలాఖరుకు పెట్రోలు సగానికి తగ్గింది. విభాగం అభినందించి, మిగిలిన సగాన్నీ సగం చేయడం లక్ష్యంగా ఇచ్చింది. నాయుడు ఊరి చివర జీపు స్టాండు దగ్గరే ఆపసాగాడు. లక్ష్యం దాటింది. సెప్టెంబరులో కొత్త లక్ష్యం రాకముందే అతను పెట్టె పట్టుకుని గోదాము నుంచి స్టాండు దాకా నడిచి, జీపెక్కి, తనే కొండకు వెళ్లసాగాడు. సోమన్న మందు పెట్టె ఉన్నప్పుడు దారిలో ఎవరినీ ఎక్కించుకునేవాడు కాదు. యాభై మూడు నిమిషాలు పట్టేది.

కారు ఆవరణలోంచి కదలకపోవడంతో వినియోగం సున్నాకి వచ్చింది. రాష్ట్రంలో ఏ వాహనమూ ఇంతవరకు ఈ స్థాయికి చేరలేదు. ఆవరణ మధ్యలో సిమెంటు దిమ్మ కట్టించి, కారును క్రేనుతో దాని మీదికి ఎక్కించి, చుట్టూ గొలుసు వేశారు. నాలుగున్నర అడుగులు. ఆ కారు చిన్న పంపుతో సునాయాసంగా ఎక్కిన ఎత్తు అదొక్కటే.

నాయుడు అబద్ధం రాసే మనిషి కాదు. లాగ్‌బుక్‌లో పెట్రోలు గడిలో సున్నా వేసి, రిమార్కుల గడిలో 'మందు జీపులో వెళ్లినది' అని రాశాడు. రిమార్కులు ఎవరూ చదవరని అతనికి తెలుసు. అక్టోబరులో, ఇంధన పొదుపు పురస్కారానికి దరఖాస్తు చేసే సందర్భంలో, చదివారు.

కాత్యాయని కమిటీతో సహా జీపు స్టాండుకు వచ్చారు. అంతకు పన్నెండు నిమిషాల ముందు దేవమణి ఫోను చేసింది. పేడ ఎత్తుతున్న మనిషిని పాము చేతి మీద కరిచింది, రెప్పలు వాలుతున్నాయి. నాయుడు జీపులో ముందు సీట్లో, ఒళ్లో పెట్టెతో కూర్చుని ఉన్నాడు. సోమన్న తాళం తిప్పబోతున్నాడు. కమిటీ సభ్యుడు జీపు ముందుకు వచ్చి నిలబడ్డాడు. అతని చేతిలో అట్టపెట్టె ఉంది. అందులో చిన్న పంపు ఉంది.

కాత్యాయని పద్ధతి వివరించారు. ప్రభుత్వ ఔషధమును తరచుగా మోయు వాహనము అనుబంధ వాహనము. అనుబంధ వాహనమునకు కూడ నాయుడు నమూనా వర్తించును.

"ఇది డీజిల్ బండమ్మా," అన్నాడు సోమన్న.

"ఇంధనమేదైనా పొదుపు ఒకటే."

"అది పెడితే నా జీపు కొండెక్కదు కదమ్మా."

"ఎక్కుట మా విభాగము పరిధిలోనిది కాదు," అని ఆమె నాయుడి వైపు తిరిగారు. "ఒక్క మాట ధ్రువీకరించండి. ప్రభుత్వ ఔషధము ఈ జీపులో వెళ్లుచున్నదా, లేదా?"

నాయుడు పెట్టె మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. అవునంటే పంపు మార్చేదాకా జీపు కదలదు, మార్చాక కొండ ఎక్కదు. కాదంటే మందు ఎట్లా వెళ్తోందో చెప్పాలి. ఇరవై రెండేళ్ల సర్వీసులో అతను లాగ్‌బుక్‌లో ఒక్క కిలోమీటరు కూడా కలపలేదు.

"లేదండి," అన్నాడు. "కారులోనే ఎల్తందండి."

"ఏ కారులో?"

"మన కారేనండి. దిమ్మ మీదున్నాది."

"రిమార్కులలో జీపు అని ఉన్నదే?"

"పొరపాటున రాసినానండి."

"గుమ్మికోటకు ఎన్ని లీటర్లు పట్టుచున్నది?"

"సున్నా అండి."

"సమయము?"

"యాభై మూడు నిమిషాలండి."

కమిటీ సభ్యులు ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కాత్యాయని ముఖంలో అనుమానం కోసం నాయుడు వెతికాడు. కనబడలేదు. ఆమె కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. ముప్పై ఎనిమిది కిలోమీటర్లు, సున్నా లీటర్లు, యాభై మూడు నిమిషాలు అని స్టెనోతో రెండుసార్లు చెప్పి రాయించారు. నాయుడి చేత సంతకం పెట్టించారు. అనుబంధ వాహనం కాని జీపును ఆపే అధికారం విభాగానికి లేదు కాబట్టి సభ్యుడు పక్కకు జరిగాడు. జీపు వెళ్లిపోయింది. ఆ మనిషి బతికాడు.

నవంబరులో పురస్కారం వచ్చింది. శాలువా కాత్యాయనికి కప్పారు. కారుకు దండ వేశారు. నాయుడు సభకు వెళ్లలేదు, ఆ రోజు పిలుపు వచ్చింది. అప్పటికి పిలుపు వచ్చినప్పుడల్లా లాగ్‌బుక్‌లో దిమ్మ మీది కారు కొండకు వెళ్లి వస్తోంది. మొదట్లో ఆ గడులు నింపేటప్పుడు అతని చెయ్యి ఆగేది. తర్వాత ఆగలేదు.

డిసెంబరు మొదటి వారంలో అతను పెట్టెతో జీపెక్కుతుండగా అటెండరు పరిగెత్తుకొచ్చి ఒక మెమో చేతిలో పెట్టాడు. జీపు కదిలాక చదివాడు.

'మీ వాహనము గుమ్మికోట ఘాట్‌ను సున్నా లీటర్లతో ఎక్కుచున్నట్లు నిర్ధారణ అయినది. ఏ వాహనమైనను దిగునప్పుడు ఎక్కునప్పటికంటె తక్కువ ఇంధనము వాడును. ఎక్కుటకే సున్నా అయినప్పుడు, దిగుటలో సున్నా కంటె తక్కువ, అనగా మిగులు, ఏర్పడవలసి ఉన్నది. సెప్టెంబరు నుండి నేటి వరకు ఏర్పడిన మిగులు ఇంధనమును ఎచ్చట ఉంచితిరో, దేనికి వినియోగించితిరో మూడు దినములలో తెలుపవలెను. లేనిచో క్రమశిక్షణా చర్య తీసుకొనబడును.'

నాయుడు దాన్ని రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఘాట్‌లో మంచు ఉంది. సోమన్న లైట్లు వేసి నడిపాడు. యాభై అయిదు నిమిషాలు పట్టింది.

గుమ్మికోటలో పదేళ్ల పిల్ల బల్ల మీద పడుకుని ఉంది. కట్టెలు ఏరుతుంటే మడమ మీద కరిచింది. తల్లి పిల్ల పాదం పట్టుకుని నిలబడింది. దేవమణి పెట్టె తెరిచి, ఒక్కో సీసాలోని పొడి మందులో నీళ్లు ఎక్కించి, కుదిపి, సెలైన్‌లో కలిపింది. సూది గుచ్చి చుక్కలు లెక్కపెట్టింది. అప్పుడు నాయుడి ముఖం చూసి ఏమైందని అడిగింది. నాయుడు మెమో తీసి చదివి వినిపించాడు. మిగులు ఎక్కడ చూపించాలో తనకు తెలియడంలేదని, ఇంకా నాలుగేళ్ల సర్వీసు ఉందని చెప్పాడు.

పిల్ల కళ్లు తెరిచి దాహం అంది. దేవమణి ఆమె నుదుటి మీద చెయ్యి వేసి, సెలైన్ చుక్కల మీదినుంచి చూపు తిప్పకుండా అంది:

"రాసెయ్ అన్నా. మిగులు గుమ్మికోటలో వాడేశాం అని."